పేరు వెతకడానికి ఇంత టైమా? యాప్ వెనక ‘స్పార్క్’ నడిపే లెక్క ఇదీ!

విజయవాడ: 2024 సెప్టెంబర్ బుడమేరు వరద గుర్తుందా? మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి రూ.25 వేలు, పై అంతస్తుల వాళ్లకు రూ.10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత సింగ్‌నగర్ వైపు ఎవర్ని కదిపినా ఒకటే మాట.. ‘లిస్టులో మన పేరుందా?’

లిస్టులో ఒక పేరు వెతకడం కంప్యూటర్‌కు చిటికెలో పని. అసలు కష్టమంతా ఆ లిస్టు తయారీలోనే. సర్వే వివరాలు, రేషన్ కార్డులు, ఆధార్, బ్యాంకు ఖాతాలు.. లక్షల వరుసలు ఒకదాంతో ఒకటి సరిపోల్చాలి. ఒకే ఇల్లు రెండుసార్లు రాకూడదు, రావాల్సిన ఇల్లు జారిపోకూడదు. ఇంత పెద్ద పనిని ముక్కలు చేసి చాలా మెషీన్లకు పంచే ఇంజిన్లలో బాగా పేరున్నది అపాచీ స్పార్క్. (వరద లిస్టుకు ఇదే వాడారని కాదు, పని అలాంటిదని చెప్పడమే.)

2009లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైన ప్రాజెక్టు ఇది. 2014లో 206 మెషీన్ల మీద 100 టెరాబైట్ల డేటాను 23 నిమిషాల్లో వరుసలో పెట్టి రికార్డు కొట్టింది. అంతకుముందు రికార్డుకు హడూప్ 2,100 మెషీన్లతో 72 నిమిషాలు తీసుకుంది మరి!

ఇక పటమట పక్కనే ఉన్న ఆటోనగర్‌కు రండి. లారీ బాడీ కట్టే షెడ్డులో మేస్త్రీ పని పంచుతాడు, పనివాళ్లు తలో వైపు పట్టుకుంటారు. స్పార్క్‌లో ఆ మేస్త్రీని డ్రైవర్ అంటారు, పనివాళ్లను ఎగ్జిక్యూటర్లు అంటారు. ముందు గదిలో బండి ఓనర్లతో మాట్లాడే మనిషి ఉంటాడు చూశారా, అతనే మన యాప్ సర్వర్.

కొత్త డెవలపర్లు తరచూ చేసే పొరపాటు ఇక్కడే. ముందు గదిలో మనిషికే మేస్త్రీ పనీ అంటగడతారు. అంటే మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ సర్వర్ లోపలే కొత్తగా స్పార్క్ స్టార్ట్ అవుతుంది. స్టార్ట్ కావడానికే కొన్ని సెకన్లు పోతాయి. పైగా ఫలితం మొత్తాన్ని డ్రైవర్ దగ్గరికే లాగితే మెమరీ నిండిపోతుంది. డ్రైవర్‌కు డిఫాల్ట్‌గా ఇచ్చేది 1 జీబీయే! డ్రైవర్ పడిపోతే దాంతోపాటు సర్వరూ పోతుంది. వరుసలో ఉన్న వాళ్లందరికీ ఎర్రరే.

మరి ఎలా నడపాలి? షెడ్డు వేరు, ముందు గది వేరు. స్పార్క్‌ను వేరే మెషీన్లలో ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, సర్వర్ దానికి పని మాత్రమే పంపాలి. 2023లో వచ్చిన 3.4 వెర్షన్‌లోని ‘స్పార్క్ కనెక్ట్’ ఇందుకే. ముందే తెలిసిన లెక్కలైతే రాత్రికి రాత్రే పూర్తి చేసి, ఫలితాన్ని మామూలు డేటాబేస్‌లో పెట్టేస్తే సరి. పొద్దున మీరు పేరు కొట్టినప్పుడు స్పార్క్‌తో పనే ఉండదు.

ఇంకో చిక్కుంది. స్పార్క్ మామూలుగా ముందొచ్చిన పనికే పెద్దపీట వేస్తుంది. ఎవరో ఆఫీసర్ పెద్ద రిపోర్టు అడిగితే, వెనకున్న చిన్న చిన్న పనులు ఆగిపోవచ్చు. ‘ఫెయిర్’ మోడ్ పెడితే అందరికీ కాస్త కాస్త వంతు దొరుకుతుంది.

అప్పటికప్పుడు చేయక తప్పని పెద్ద పనైతే, యాప్ మీకొక నంబర్ ఇచ్చి ‘తర్వాత చూడండి’ అనాలి. అలా నంబర్ వచ్చిందంటే మీ పని క్యూలో చేరినట్టే. నంబర్ రాకుండా సర్కిల్ తిరుగుతోందని పదిసార్లు నొక్కారనుకోండి.. సరిగ్గా కట్టని యాప్‌లో వెనక అదే పని పదిసార్లు మొదలవుతుంది.