పులికాట్ తీరం వెంట కారవాన్ యాత్ర

(ప్రత్యేక వ్యాసం)

నిద్రకు, వంటకు కావలసిన వసతులన్నీ తనలోనే గల కారవాన్ వాహనంలో కుటుంబ సమేతంగా విహరించడం మన రాష్ట్రంలో ఇంకా కొత్తదే. అటువంటి యాత్రకు పులికాట్ సరస్సు తీరం ఎంతో అనువైనది. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి సరస్సుకు పడమటి వైపున సాగుతున్నందున పెద్ద వాహనాలు సైతం సులభంగా చేరుకోగలవు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు ప్రస్తుతం తిరుపతి జిల్లాలో ఉన్నాయి.

ఒడిశాలోని చిలికా తరువాత, సముద్రపు నీరు, మంచినీరు కలిసే సరస్సులలో దేశంలో పెద్దది పులికాట్. అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నది. విస్తీర్ణం ఎంత పెద్దదైనా సగటు లోతు ఒక మీటరు మాత్రమే. పొడవైన కాళ్లపై నిలిచి, వంపు తిరిగిన ముక్కును తలక్రిందులుగా ముంచి నీటిని వడగట్టుకొని తినే ఫ్లెమింగోలకు ఈ లోతు సరిగ్గా సరిపోతుంది.

యాత్రను ఉత్తరాన నేలపట్టు నుంచి ఆరంభించడం మేలు. సూళ్లూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పక్షుల రక్షిత కేంద్రం 1976లో ఏర్పడినది. చెరువు నీటిలో నిలిచియున్న చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టుకుంటాయి. సందర్శకులు సాధారణంగా గమనించని విషయం ఒకటున్నది. గూడబాతు గూడు కట్టేది నేలపట్టులో, పిల్లలకు చేపలు తెచ్చేది పులికాట్ నుంచి. సరస్సులో చేప తగ్గిన సంవత్సరం ఆ గూళ్లలోని పిల్లలకు ఆకలి తప్పదు.

అక్కడి నుంచి దక్షిణంగా సాగితే సూళ్లూరుపేట. కాళంగి నది ఒడ్డున తలుపులు లేని చెంగాళమ్మ ఆలయాన్ని దర్శించి, శ్రీహరికోట రహదారిలోకి మళ్లవలసి ఉంటుంది. సుమారు 18 కిలోమీటర్ల ఈ మార్గం సరస్సు మధ్యగా వేసిన గట్టుపై సాగుతుంది. యాత్రలో అత్యంత రమణీయమైన భాగం ఇదే, అత్యంత జాగ్రత్త వహించవలసిన భాగమూ ఇదే. గట్టు ఇరుకు. ప్రయోగ కేంద్రం ఉద్యోగుల బస్సులు దీనిపైనే తిరుగుతాయి. ఫోటో కోసం రోడ్డుపై వాహనం నిలపడం, హారన్ మోగించి పక్షులను ఎగురగొట్టడం పర్యాటకం అనిపించుకోదు. అటకానితిప్ప వద్ద అటవీ శాఖ పర్యావరణ విద్యా కేంద్రంలో ఆగి చూడవచ్చును. రాత్రి బస సూళ్లూరుపేట పట్టణంలోనే శ్రేయస్కరం.

గట్టు చివర సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఉన్నది. అనుమతి లేని వాహనాలు గేటు వద్ద నుంచే వెనుదిరగాలి. 2019లో ప్రారంభమైన వీక్షణ గ్యాలరీ నుంచి రాకెట్ ప్రయోగాన్ని చూడగోరువారు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

ఫ్లెమింగో పండుగ సందర్భంగా వార్తలలో పక్షుల సంఖ్యకు లభించే ప్రాధాన్యం సరస్సు ముఖద్వారాలకు లభించడం లేదు. రాయదొరువు, కొండూరుపాళెం వద్ద సముద్రపు అలలు తెచ్చే ఇసుక మేట వేస్తుంది. వర్షాకాలంలో నదుల ప్రవాహం కొంతమేర ఆ ఇసుకను నెట్టివేసినా, వేసవిలో ఆ బలం ఉండదు. ముఖద్వారం పూడితే సముద్రపు నీటితోపాటు లోనికి రావలసిన రొయ్య, చేప పిల్లలు రావు. ఉత్తర భాగం ఎండి నెర్రెలిస్తుంది. వల వేసే మత్స్యకారుడు పని వెతుక్కొంటూ ఊరు విడువవలసి వస్తుంది. పూడికతీత ఒకసారి చేసి వదిలివేయగల పని కాదు. ఇసుక ఏటా తిరిగి వస్తూనే ఉంటుంది. ఈ తీరాన పర్యాటక వసతులకు ప్రతిపాదనలు రూపొందించే అధికారులు ముందుగా పరిశీలించవలసినది ఈ అంశమే.

చివరి మజిలీ తడ సమీపంలోని భీమునివారిపాళెం. ఇక్కడి రేవు నుంచి ఇరకం దీవికి పడవలు వెళతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. దీవికి వెళ్లువారు త్రాగునీరు వెంట తీసుకొని వెళ్లాలి. కారవాన్ మాత్రం ఒడ్డుననే వేచి ఉండాలి.