ఆరెగాన్ తీరమందలి ఇసుకతిన్నెలు, వానకాలపు విడుదులు

ఇసుక మేటవేసి పొలములు చెడుటయు, చెట్టుచేమలు నాటి ఆ ఇసుకను నిలువరించుటయు కృషీవలులకు క్రొత్త సంగతి కాదు. అయితే ఇసుకను నిలుపుటకై తెచ్చిన గడ్డియే కొంతకాలమునకు వేఱొక చిక్కు తెచ్చిపెట్టిన ప్రదేశ మొకటి కలదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి కొసనున్న ఆరెగాన్ రాష్ట్రపు సముద్రతీరము. అచట వానలు మెండు, ఇసుక కొండలును మెండు. ఆ కొండల చెంత కొయ్య యిండ్లలోను గుండ్రని గుడారములలోను బసచేసి కొన్ని దినములు గడపుటకై ఏటేట అనేకులు పోవుచుందురు. ఆ చోటి వృత్తాంతము మన సంఘ సభ్యులకు వినోదమును ప్రయోజనమును కలిగించునని తలంచి ఇందు వ్రాయుచున్నాము.

తీరము, వాన, ఇసుక

ఫ్లోరెన్స్ అను చిన్న పట్టణము మొదలు దక్షిణమున కూస్ బే వఱకు సుమారు 40 మైళ్ల పొడవున ఈ తిన్నెలు వ్యాపించియున్నవి. కొన్ని తిన్నెల శిఖరములు సముద్రమట్టమునకు 500 అడుగుల యెత్తువఱకు లేచియుండును. తూర్పున నున్న కొండలను నదులు కోసి, ఆ రాతిపొడిని ఇసుకగా సముద్రమునకు చేర్చును. అలలు దానిని ఒడ్డునకు త్రోయును. గాలి లోపలికి తఱుమును. ఈ కార్యము వేలయేండ్లుగా జరుగుచున్నది.

సాలున కురియు వాన 60 మొదలు 80 అంగుళముల వఱకు నుండును. అనగా మన కృష్ణా, గుంటూరు సీమల వర్షమునకు ఇంచుమించు రెట్టింపు. అయితే అచటి వానకారు మనవలె జూనున రాదు. నవంబరు మొదలు మార్చి వఱకు ముసురు పట్టి యుండును. వేసవి పొడిది. అప్పుడును సముద్రముమీదినుండి మంచుపొగ తఱుచుగా కమ్ముచుండును. వేసవిలో వాయవ్యపు గాలియు, శీతకాలమున నైరృతి తుపాను గాలియు వీచుటచే తిన్నెల రూపము కాలమునుబట్టి మారుచుండును.

ఇంత వాన కురిసినను ఇసుకపై నీరు నిలువదు. ఇంకి అడుగున తీపినీరై నిలుచును. బాపట్ల ప్రాంతపు ఇసుక నేలలలో దొరువులు త్రవ్వి నీరు తీయు రైతులకు ఈ మర్మము వేఱుగా చెప్పనక్కఱలేదు.

విడుదుల యేర్పాటు

ఫ్లోరెన్స్ పట్టణమునకు దక్షిణముగా 3 మైళ్ల దూరమున హనీమన్ అను ప్రభుత్వ వనము కలదు. అందు రెండు మంచినీటి చెరువులు గలవు. వానిలో నొకదాని గట్టునకే ఇసుకతిన్నె వచ్చి ఆనుకొనియున్నది. 1930ల నాటి ఆర్థిక మాంద్యములో పనిలేని యువకులకు పని కల్పించుటకై ప్రభుత్వ మేర్పఱచిన దళమువారు ఈ వనమున కట్టడములు నిర్మించిరి. ఇంకను దక్షిణమున 1894లో వెలిగింపబడిన 65 అడుగుల అంప్‌క్వా దీపస్తంభము చెంత నున్న వనమునందు దుంగలతో కట్టిన చిన్న యిండ్లు బాడుగకు దొరకును.

గుండ్రని గుడారములకు మూలము మంగోలియా దేశపు పశువుల కాపరుల నివాసము. వానకాలమున వనములు పాడుపడియుండుట చూచి, ఆ దినములలోను జనులు వచ్చుటకై ఆరెగాన్ వనశాఖవారు 1990ల తొలినాళ్లలో వీనిని నెలకొల్పిరి. కొయ్య పలకల నేల, అల్లిక కట్టిన గోడ, దానిపై దళసరి గుడ్డ, నడినెత్తిన వెలుతురు వచ్చు మూత, ఇదియే దాని నిర్మాణము. లోపల పడకలు, దీపము, చలి పోగొట్టు యంత్రము నుండును. దుప్పట్లు మాత్రము బసచేయువారే తెచ్చుకొనవలయును. వంట వెలుపలనే చేసికొనవలయును.

ఈ తీరము ప్రజలందఱిదిగా నిలిచిన విధము గమనింపదగినది. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ అను గవర్నరు ప్రోద్బలమున తడి ఇసుక మేర అంతయు రాజమార్గముగా ప్రకటింపబడెను. 1967లో మఱియొక శాసనము పొడి ఇసుకపైనను జనుల రాకపోకల హక్కును కాపాడెను. వనముల ఖర్చునకై లాటరీ రాబడిలో కొంత భాగమును ప్రత్యేకింపవలెనని 1998లో ప్రజలే వోటుద్వారా నిర్ణయించిరి.

గడ్డి తెచ్చిన మేలు, కీడు

ఇక ముఖ్య విషయము. ఆరెగాన్ ఉత్తరపు కొసను కొలంబియా నదీముఖమున క్లాట్సప్ మైదానములు కలవు. అచట వలసవచ్చి కాపురమున్నవారి పశువులు మేరమీఱి మేయుటచే ఇసుకపై పచ్చిక నశించెను. నదీముఖమున 1885 మొదలు 1895 వఱకు కట్టిన రాతి అడ్డుకట్టవలన ఒడ్డున ఇసుక మిక్కిలిగా చేరెను. పచ్చిక లేని ఇసుక గాలికి లేచి పొలములపై, త్రోవలపై పడజొచ్చెను. 1935లో ప్రభుత్వమువారు పూనుకొని సుమారు 3,000 ఎకరముల నేలను గడ్డితోను చెట్లతోను కట్టడి చేసిరి. ఆ పని ఫలించెను.

అందులకు తోడ్పడినది ఐరోపా తీరపు గడ్డి. దాని గుణము విచిత్రము. ఇసుక తనను పూడ్చినకొలది అది పైకి పెరుగును. దుంపవేళ్లు ప్రాకి ప్రక్కల క్రొత్త దుబ్బులు వేయును. ఇసుక తడిగానుండు శీతకాలమున దీనిని చేతితో నాటుదురు. ఫ్లోరెన్స్ ప్రాంతమునను త్రోవలను, రేవులను కాపాడుటకు 1910 ప్రాంతము మొదలుకొని దీనిని నాటిరి. ఆ ప్రయత్నమును చూడ 1957లో వచ్చిన ఫ్రాంక్ హెర్బర్ట్ అను విలేఖరికి ఇసుకనుగూర్చి కలిగిన ఆసక్తియే 1965లో ప్రకటితమైన ఆయన ప్రసిద్ధ నవల డ్యూన్ పుట్టుకకు కారణమయ్యెను.

అయితే గడ్డి నాటినచోట నిలువలేదు. ఒడ్డు పొడవునను ప్రాకి, ఇసుకను పట్టి, గోడవంటి గట్టును లేపెను. ఆ గట్టు అడ్డగించుటచే సముద్రమునుండి లోపలి తిన్నెలకు క్రొత్త ఇసుక చేరుట మానెను. గట్టునకు వెనుక గాలి ఉన్న ఇసుకను కోసికొనిపోయి, అడుగునీరు కనబడువఱకు నేలను పల్లము చేసెను. తడి తగిలిన ఆ పల్లమున పొదలును, దేవదారు జాతి చెట్లును మొలచెను. ఇట్లు ఏటికేడు బయలు ఇసుక తఱిగిపోవుచున్నది. బయలు ఇసుకపై గ్రుడ్లు పెట్టు ఒక చిన్న తీరపు పక్షి నిలువ నీడ లేనిదయ్యెను. 1993లో దానిని అపాయములో నున్న జాతిగా ప్రభుత్వము ప్రకటించెను.

1972లో ఈ తిన్నెలను జాతీయ విహారభూమిగా నేర్పఱచిరి. ఇపుడు అటవీశాఖవారును స్థానికులును కలిసి, యంత్రములతోను మందులతోను చేతులతోను ఆ గడ్డినే పెల్లగించుచున్నారు. ఒక తరమువారు కూలియిచ్చి నాటించినదానిని మఱియొక తరమువారు కూలియిచ్చి పీకించుచున్నారు.

పోవువారికి సూచనలు

ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండు పరిసరములందు తెలుగు కుటుంబములు గలవు. బిడ్డలను చూడబోవు పెద్దలకు ఈ తీరము చూచు అవకాశము కలుగవచ్చును. అట్టివారు విడిదిని ముందుగానే కుదుర్చుకొనవలయును. వేసవియైనను ఉన్నిబట్టలు తీసికొని పోవలయును. సముద్రమునకు వెన్ను చూపి నిలువరాదు. ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనుష్యులను లాగికొనిపోవును. ఒడ్డున పడియున్న దుంగలపై నెక్కరాదు. కొద్ది నీటికే అవి దొరలి ప్రాణహాని కలిగించును. మార్చి 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు పక్షులు గ్రుడ్లు పెట్టు మేరలలో పొడి ఇసుకను త్రొక్కరాదు.

మనకు తెలియవలసినది

మన తీరమునను సరుగుడు తోపులు గాలిని ఆపి, కంపకు కఱ్ఱకు పనికివచ్చుచున్నవి. బాలబంద తీగ ఇసుకను పట్టి నిలుపుచున్నది. వీని మేలు కాదనరాదు. క్లాట్సప్ పొలములను కాపాడినదియు గడ్డియే కదా. అయితే ఎచట నాటవలయునో, ఎచట ఇసుకను దాని మానాన విడువవలయునో ముందుగా నిర్ణయించుకొనక, ఒకచోట ఫలించినదని తీరమంతట పరచినచో మేలే కీడగును. పశువుల మేపు మితముగా నున్నచో మొదటి చిక్కే రాకుండెడిది. ఇసుక ఒక్కని కమతమున ఆగునది కాదు. అట్లే దాని కట్టడియు ఒక్కనివలన కాదు. ఊరివారందఱు కూడి ఆలోచించి చేయవలసిన కార్యములలో ఇదియొకటి.