ఒకే పంజరములో పెక్కు జంటలు

జీబ్రా ఫించ్ పిట్ట మన ఊరపిచ్చుక కంటె చిన్నది. మగదానికి చెంపలపై నారింజవన్నె మచ్చలును, ఎర్రని ముక్కును ఉండును. ఆడదానికి ఆ చెంపమచ్చలు ఉండవు. దీని స్వస్థలము ఆస్ట్రేలియా. అక్కడి మెట్టభూములలో ఈ పిట్టలు గుంపులుగా తిరుగుచు, ఒక్కొక్కప్పుడు ఒకే పొదలో పలు జంటలు గూళ్ళు కట్టుకొనును. ఆస్ట్రేలియా ప్రభుత్వము 1960లో తమ దేశపు పక్షుల ఎగుమతిని నిషేధించినది. నేడు మన అంగళ్ళలో దొరకునవి పంజరములలో పుట్టి పెరిగిన తరములకు చెందినవి.

ఇది గుంపులో బ్రదుకు జాతి యని విని కొందరు గృహస్థులు ఒక పంజరము కొని, అందులో ఐదారు జంటలను విడిచి, పిల్లలకై ఎదురు చూచుచుందురు. కొన్నాళ్ళకు ఒక గూటిలో పది పన్నెండు గ్రుడ్లు పోగగును. వానిలో ఒక్కటియు పిల్ల కాదు. వేరొక మూల ఆడపిట్ట యొకటి ఈకలు ఉబ్బించుకొని నేలపై కూర్చుండును. కలిసిమెలిసి యుండు పిట్టలకు ఈ గతి యేల పట్టినదని వారు అడుగుచుందురు. ఇందుకు కారణము సులభమైనది. బయలులో ఓడిన పిట్ట మరియొక కొమ్మకు ఎగిరిపోవును. పంజరములో దానికి పోవుటకు తావు లేదు. ఆ తావును కల్పించు భారము పెంచువారిదే.

మొదట చూడవలసినది పంజరపు పొడవు. ఫించ్ పిట్టలు పైకి క్రిందికి గాక అడ్డముగా ఎగురును. కావున ఎత్తైన గోపురపు పంజరము కంటికి ఇంపేగాని పిట్టకు పనికిరాదు. మూడు జంటలు పిల్లలను పెట్టవలెనన్న పంజరము 4 అడుగుల పొడవునకు తగ్గరాదని మా సలహా. ఇక సంఖ్య విషయము. ఒక జంటనైన ఉంచవలెను, మూడింటినైన ఉంచవలెను. రెండు మాత్రము ఉంచరాదు. రెండే యున్నచో బలమైన జంట రెండవదానిని దినమెల్ల తరుముచుండును. మూడున్నచో ఆ కోపము ఒక్కదానిమీదనే పడదు. జంటలేని మగపిట్టను వానిలో కలుపరాదు. అది ఇతరుల గూళ్ళలో దూరి కలహము రేపును.

తగవు లన్నిటికిని మూలము గూడు. మూడు జంటలకు ఆరు మట్టిముంతలు కట్టవలెను. అన్నియు ఒకే ఎత్తున ఉండవలెను. ఒకటి పైన, ఒకటి క్రింద కట్టినచో అన్ని జంటలును పైదానికే పోరాడును. పరుపునకు ఎండుగడ్డియు, పొట్టిగా కత్తిరించిన కొబ్బరిపీచును చాలును. పొడవైన దారములు కాళ్ళకు చుట్టుకొని ప్రాణాపాయము తెచ్చును. మొదటి గ్రుడ్డు కనబడినంతనే మిగిలిన పీచును తీసివేయవలెను. లేకున్న మగపిట్ట కట్టుట మానక, గ్రుడ్లపైననే మరియొక పరుపు పరచును.

ఆడపిట్ట దినమున కొకటి చొప్పున నాలుగైదు, ఒక్కొక్కప్పుడు ఆరు గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులిరువురును వంతులవారీగా పొదుగును. 12 మొదలు 14 దినములకు పిల్లలు వెలువడును. ఇరుకు పంజరములో ఒక ఆడపిట్ట వేరొకదాని గూటిలో గ్రుడ్లు పెట్టుటయు కలదు. పది పన్నెండు గ్రుడ్లు పోగగుట కిది యొక కారణము. అన్నిటికిని వెచ్చదనము సమముగా అందక అన్నియు చెడును. పిల్లలు సుమారు మూడు వారములకు గూడు విడుచును. ఐదారు వారములకు స్వయముగా గింజలు తినును. అప్పుడు వానిని వేరుచేయవలెను. మూడు నెలలకే అవి జతకట్టగలవు గాని, గ్రుడ్ల భారమునకు ఆడపిట్ట శరీరము అప్పటికి సిద్ధపడదు. తొమ్మిది నెలల వరకు ఆగుట మేలు.

నేలపై ఉబ్బి కూర్చుండిన ఆ ఆడపిట్ట సంగతి చెప్పవలెను. చాలసార్లు దానికి గ్రుడ్డు లోపలనే అడ్డుపడి యుండును. సున్నపుపాలు తక్కువగుట, లేతవయసు, ఎడతెగని ఈతలు ఇందుకు ముఖ్యకారణములు. దానిని వెంటనే చిన్న పెట్టెలోనికి మార్చి, విద్యుద్దీపపు వెచ్చదనమున ఉంచి, పశువైద్యుని చూపవలెను. గంటలు గడచినకొలది ఆశ సన్నగిల్లును. దీనిని నివారించుట మన చేతిలోనే యున్నది. పచారి కొట్టులో దొరకు సముద్రపు నురుగు ముక్కను ఎల్లప్పుడు పంజరమునకు కట్టి యుంచవలెను. కొర్రలు, సామలతో పాటు మొలకెత్తిన గింజలును, ఉడికించిన గ్రుడ్డును కొంచెము పెట్టవలెను. ఏడాదికి మూడు ఈతలు కాగానే ముంతలను విప్పివేయవలెను. మన మండువేసవి నెలలు ఆ విశ్రాంతికి తగినవి. పంజరపు కాళ్ళక్రింద నీటిగిన్నెలు పెట్టుట మరువరాదు. చీమలు ఎక్కినచో గూటిలోని పిల్లలు దక్కవు.

జాతులను కలుపుట మరియొక ప్రశ్న. బెంగాలీ ఫించ్ అనునది జపాను దేశములో తరతరములుగా పెంపుడై మారిన మునియా. ఇది మిక్కిలి సాధువు. పరుల పిల్లలను సైతము పెంచును. అయినను రాత్రులందు ఇవన్నియు ఒకే గూటిలో దూరి నిద్రించును. ఆ తొక్కిడిలో పొదుగుచున్న జీబ్రా పిట్ట లేచిపోవును. మరియొక చిత్రము కలదు. జీబ్రా జాతి మగపిల్ల తన పాటను పెంచినవాని నుండి నేర్చును. బెంగాలీ పిట్టలు పెంచిన జీబ్రా పిల్ల బెంగాలీ పాటనే పాడునని, పెద్దదైన పిమ్మట ఆ జాతి ఆడపిట్టనే కోరునని జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాస్ ఇమ్మెల్మన్ 1960ల పరిశోధనలలో చూపెను. కావున ఒక పంజరమునకు ఒకే జాతి మేలు.

బెంగాలీ పిట్టకు మూలమైన తెల్లనడుము మునియా మన అడవులలోను కలదు. దానిని గాని, మన పొలముల జీనువాయి పిట్టలను గాని తెచ్చి పంజరములో చేర్చరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చొప్పున వానిని పట్టుట, అమ్ముట, బంధించుట నేరము.

ఇంట చిన్న పంజరమే యున్నవారు ఒక్క జంటతో తృప్తిపడవలెనని మేము కోరుచున్నాము. దానికి పిల్లలు పుట్టినచో వానిని ఉంచుటకు రెండవ పంజరము ముందుగనే సిద్ధము చేసికొని, ఆ తరువాతనే ముంత కట్టవలెను.