లోతు చూసే గెడ: హెలికాప్టర్‌కు తోడుగా డ్రోన్



2024 సెప్టెంబరు మొదటి వారాన్ని మన ప్రాంతం వాళ్ళు అంత తొందరగా మరిచిపోలేరు. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌నూ, చుట్టుపక్కల కాలనీలనూ ముంచేసింది. జనం రోజుల తరబడి డాబాల మీదే ఉండిపోయారు. అదే నీరు కిందికి వచ్చి మన కొల్లేటిలో కలిసి లంక గ్రామాలను చుట్టుముట్టింది. ఆ రోజుల్లో టీవీలో రెండు దృశ్యాలు చూశాం. ఒకటి, నౌకాదళం, వైమానికదళం హెలికాప్టర్లు పై నుంచి ఆహార పొట్లాలు జారవిడవడం. రెండోది, చిన్న చిన్న డ్రోన్లు ఇరుకు సందుల్లోకి పోయి డాబాల మీద వాళ్ళకు అన్నం, మంచినీళ్ళు, మందులు అందించడం.

ఈ రెండూ ఒకే ఆకాశంలో ఎగిరాయి. ఒకటి చేయలేని పని రెండోది చేసింది. ఇప్పుడు ప్రపంచంలోని సైన్యాలన్నీ నేర్చుకుంటున్న పాఠం కూడా ఇదే. హెలికాప్టర్‌నూ, మనిషి లేని విమానాన్నీ ఒక జట్టుగా ఎలా నడపాలి? ఈ వ్యాసంలో ఆ సంగతి తెలుసుకుందాం.

హెలికాప్టర్ బలం, బలహీనత

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్ళు వేసిన రన్‌వే ఉంది. విమానం లేవాలన్నా దిగాలన్నా అంత పొడవైన బాట కావాలి. హెలికాప్టర్‌కు ఆ బాధ లేదు. మన స్కూలు గ్రౌండు చాలు. పైన తిరిగే రెక్కలే గాలిని కిందికి నెట్టి దాన్ని పైకి లేపుతాయి. అందుకే అది గాలిలో ఒకేచోట నిలబడగలదు, వెనక్కి పోగలదు, డాబా మీది నుంచి మనిషిని తాడుతో పైకి లాగగలదు.

కాని దాన్ని నడపడం తేలిక కాదు. పైలట్ ఎడమ చేతిలోని లీవరు రెక్కలన్నిటి వాలునూ ఒకేసారి మార్చి పైకీ కిందికీ నడుపుతుంది. కుడి చేతిలోని కర్ర ఏ వైపు పోవాలో చెబుతుంది. పాదాల కింది పెడళ్ళు తోక దగ్గరి చిన్న రెక్కను అదుపు చేసి ముక్కు ఎటు తిరగాలో నిర్ణయిస్తాయి. రెండు చేతులూ, రెండు కాళ్ళూ ఒక్క క్షణం ఖాళీ ఉండవు.

బలహీనతలు కూడా ఉన్నాయి. హెలికాప్టర్ తక్కువ ఎత్తులో, విమానం కన్నా నెమ్మదిగా పోతుంది. చప్పుడు ఎక్కువ. ఇళ్ళ మధ్య కరెంటు తీగలుంటే దిగలేదు. దాని గాలికి పైకప్పు రేకులు ఎగిరిపోతాయి. యుద్ధంలో అయితే భుజం మీద పెట్టుకుని పేల్చే చిన్న క్షిపణి కూడా దాన్ని కూల్చగలదు. 1999 కార్గిల్ యుద్ధంలో మే 28న మన ఎం.ఐ-17 హెలికాప్టర్ అలాగే కూలింది. లోపల ఉన్న నలుగురూ వీరమరణం పొందారు. హెలికాప్టర్ పోతే యంత్రం ఒక్కటే పోదు, మనుషులూ పోతారు. ఈ విషయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కొత్త హెలికాప్టర్లు

మన సైన్యంలో చేతక్, చీతా అనే చిన్న హెలికాప్టర్లు చాలాకాలంగా సేవ చేస్తున్నాయి. వీటి అసలు నమూనాలు 1950లు, 60ల నాటి ఫ్రాన్సువి. వీటి స్థానంలో కొత్తవి రావలసి ఉంది. కార్గిల్ మరో లోటును కూడా బయటపెట్టింది. కొండల ఎత్తున గాలి పలచగా ఉంటుంది. అక్కడ ఆయుధాలు మోసుకుని యుద్ధం చేయగల హెలికాప్టర్ మనకు అప్పట్లో లేదు. ఆ అవసరంలోంచి పుట్టిందే బెంగుళూరు హెచ్.ఎ.ఎల్. తయారుచేసిన ‘ప్రచండ్’. 5,000 మీటర్ల ఎత్తులో కూడా అది దిగి మళ్ళీ లేవగలదు. 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వైమానికదళంలో చేరింది. 2025 మార్చి 28న మరో 156 ప్రచండ్‌ల కోసం 62,700 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. వాటిలో 90 సైన్యానికి, 66 వైమానికదళానికి. ఆ మొత్తంలో శిక్షణ ఖర్చు కూడా కలిసి ఉంది. అంటే యంత్రాన్నీ, దాన్ని నడిపే మనిషి చదువునూ కలిపే కొంటున్నారన్నమాట.

అమెరికా తయారీ అపాచీ హెలికాప్టర్లు వైమానికదళం దగ్గర 22 ఉన్నాయి. సైన్యం మరో ఆరింటికి 2020లో ఒప్పందం చేసుకుంది. వాటి కోసం 2024 మార్చిలో జోధ్‌పూర్‌లో దళాన్ని ఏర్పాటు చేశారు. మొదటి మూడు హెలికాప్టర్లు మాత్రం 2025 జులైలో గాని రాలేదు. మిగతా మూడూ డిసెంబరులో వచ్చాయి. మనుషులు సిద్ధమైనా యంత్రం రాకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. బయట కొనే సరుకుకు ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది.

జట్టు కట్టడం అంటే ఏమిటి?

కొల్లేటి వాళ్ళకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. లోతు తెలియని నీళ్ళలో ముందు గెడ వేసి చూస్తాం, ఆ తరువాతే కాలు పెడతాం. గెడ విరిగితే ఇంకోటి తెచ్చుకోవచ్చు, మనిషి మునిగితే తేలేమా? హెలికాప్టర్‌కు డ్రోన్ ఆ గెడ లాంటిది. కొండ అవతల ఏముందో, చెట్ల చాటున ఎవరున్నారో ముందు అది పోయి చూసి బొమ్మ పంపుతుంది. హెలికాప్టర్ కొండ చాటునే ఉండి ఆ బొమ్మ చూసి నిర్ణయం తీసుకుంటుంది.

ఈ జట్టు పనిని నాటో దేశాలు ఐదు మెట్లుగా విడదీశాయి.

మొదటి మెట్టులో డ్రోన్ తీసిన దృశ్యం నేలమీది కేంద్రానికి పోయి, అక్కడి నుంచి హెలికాప్టర్‌కు అందుతుంది. రెండో మెట్టులో నేరుగా హెలికాప్టర్ తెర మీదికే వస్తుంది. మూడో మెట్టులో హెలికాప్టర్‌లోని మనిషి డ్రోన్ కెమెరాను తనకు కావలసిన వైపు తిప్పుకోగలడు. నాలుగో మెట్టులో డ్రోన్ ఏ దారిన పోవాలో కూడా అతనే చెబుతాడు. ఐదో మెట్టులో దాన్ని పైకి లేపడం, కిందికి దించడం కూడా హెలికాప్టర్ నుంచే జరుగుతుంది. 2018లో యూరప్‌లోని ఎయిర్‌బస్ సంస్థ ఒక హెలికాప్టర్, ఒక డ్రోన్‌తో ఈ ఐదో మెట్టును చేసి చూపింది. కొత్త రకం అపాచీలో డ్రోన్ బొమ్మ చూడటానికీ, దాన్ని నడపడానికీ ఏర్పాట్లున్నాయి.

మన దగ్గర ఏం జరుగుతోంది?

ఇదంతా ఎక్కడో అమెరికాలో సంగతి అనుకోకండి. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి నడిపే కర్మాగారం 2018లో ప్రారంభమైంది. ప్రపంచంలో ఏ దేశానికి పోయే అపాచీకైనా కావలసిన మధ్యభాగం, అంటే దాని ఒళ్ళు, అక్కడ తయారవుతోంది. మన సైన్యం అపాచీల కోసం చేసిన మొదటిది 2023 జనవరిలో అక్కడి నుంచే బయటికి వచ్చింది. అదే హైదరాబాద్‌లో అదానీ, ఇజ్రాయెల్ దేశపు ఎల్బిట్ సంస్థలు కలిసి పెట్టిన డ్రోన్ల కర్మాగారం కూడా 2018లోనే మొదలైంది. అక్కడ తయారైన ‘దృష్టి-10’ అనే పెద్ద డ్రోన్‌ను 2024 జనవరిలో నౌకాదళానికి అప్పగించారు. జట్టులో ఇద్దరూ ఒకే నగరం పొలిమేరల్లో పుడుతున్నారన్నమాట!

చిత్తూరు సరిహద్దుకు దగ్గరలో, తమిళనాడులోని అరక్కోణంలో ఐ.ఎన్.ఎస్. రాజాలి నౌకాదళ స్థావరం ఉంది. హెలికాప్టర్ పైలట్లకు అక్కడ బడి ఉంది. 2020లో అమెరికా నుంచి అద్దెకు తెచ్చిన ‘సీ గార్డియన్’ డ్రోన్లను కూడా అక్కడి నుంచే ఎగరేశారు. అటువంటి డ్రోన్లు 31 కొనడానికి 2024 అక్టోబరులో ఒప్పందం అయింది.

అసలు కష్టం శిక్షణలో

యంత్రం డబ్బుతో వస్తుంది, పైలట్ మాత్రం డబ్బుతోనే రాడు. వైమానికదళం హెలికాప్టర్ శిక్షణ పాఠశాల మన పక్కనే హకీంపేటలో ఉంది. సైన్యానికి నాసిక్‌లో ఉంది. అక్కడ నేర్పే ఒక్క విషయం చెబుతాం. గాలిలో ఇంజను ఆగిపోతే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పైలట్ వెంటనే ఎడమ చేతి లీవరును కిందికి దించాలి. అప్పుడు కింది నుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి, గాలికి తిరిగే రంగుల కాగితం చక్రంలాగా. నేల దగ్గరికి వచ్చాక లీవరును పైకి లాగితే ఆ తిరుగుడు బలంతోనే మెల్లగా దిగవచ్చు. దీనికి పైలట్‌కు దొరికేది ఒకటి రెండు క్షణాలే. ఆలోచించి చేసే వ్యవధి ఉండదు, చేతికి అలవాటు కావాలి. అందుకే సిమ్యులేటర్‌లో, అంటే నేలమీదే ఉండి గాలిలో ఉన్నట్టు అనిపించే యంత్రంలో, మళ్ళీ మళ్ళీ చేయిస్తారు.

ఇప్పుడు దీనికి డ్రోన్ కూడా తోడైంది. హెలికాప్టర్‌లో ఉన్న ఇద్దరిలో ఒకరు డ్రోన్ తెర చూస్తూ కూర్చుంటే బయట చూసే కళ్ళు రెండు తగ్గాయి. రెండు వైపుల నుంచీ రేడియో మాటలు, కళ్ళముందు రెండు మూడు తెరలు. ఎంత తెలివైనవాడికైనా తల తిరుగుతుంది. అందుకని డ్రోన్ ఎగరడం సంగతి డ్రోనే చూసుకోవాలి, మనిషి దానికి పని మాత్రమే చెప్పాలి అనే పద్ధతి వస్తోంది. ‘ఆ వాగు వెంబడి చూసి రా’ అంటే చాలు, అది చూసి రావాలి.

మరమ్మతు చేసేవాళ్ళ చదువు కూడా తక్కువది కాదు. 2025 జనవరి 5న పోరుబందరులో తీరరక్షక దళం ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు చనిపోయారు. దాంతో దేశంలోని ధ్రువ్‌లన్నిటినీ నేలమీద ఉంచి పరీక్షించవలసి వచ్చింది. సైన్యం, వైమానికదళం ధ్రువ్‌లకు మళ్ళీ ఎగరడానికి అనుమతి వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. రెక్కల వాలు మార్చే భాగంలో ఒక సన్నని పగులు చాలు, కొంప మునగడానికి. దాన్ని ముందుగా పట్టుకునే టెక్నీషియన్ కన్ను పైలట్ చెయ్యంత విలువైనది.

హెలికాప్టర్ పని అయిపోయిందా?

ఈ అనుమానం పెద్దవాళ్ళకే వచ్చింది. 2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంలో హెలికాప్టర్లు చాలా కూలాయి. 2024 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం, దాదాపు రెండు వందల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన కొత్త నిఘా హెలికాప్టర్ పథకాన్ని ఆపేసింది. ముందు పోయి చూసి వచ్చే పని డ్రోన్లే చౌకగా చేస్తాయన్నది కారణం. 2025 మే నెలలో మన పశ్చిమ సరిహద్దు మీదికి డ్రోన్లు గుంపులుగా రావడం మనమూ చూశాం.

కాని చూసి రావడం ఒక్కటే హెలికాప్టర్ పని కాదు. గాయపడిన జవానును మంచుకొండ మీది నుంచి కిందికి తేవాలి. నీళ్ళలో చిక్కిన గర్భిణిని పైకి లాగాలి. బుడమేరు వరదలో డ్రోన్లు మోసింది కొద్ది కిలోల బరువే, మనిషిని మోయలేదు. పైగా శత్రువు రేడియో తరంగాలను అడ్డుకుంటే డ్రోన్ దారి తప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కింద కనబడేవాడు శత్రువా, పొలం పనికి పోయే రైతా అని తేల్చి, తప్పు జరిగితే జవాబు చెప్పవలసింది మనిషే. గెడ లోతు చెబుతుంది గాని, దిగాలో వద్దో అది చెప్పదు కదా! అందుకే ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని పెట్టడం కాదు, రెండింటికీ పని పంచడమే తెలివైన దారి అని మా అభిప్రాయం.

మరి మనమెక్కడ?

చివరగా మన సంగతి. ఈ జట్టులో కూర్చునేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? ఇంటర్‌లో ఎం.పి.సి. చదివినవాళ్ళు ఎన్.డి.ఎ. పరీక్ష రాసి వైమానికదళంలో గాని, నౌకాదళంలో గాని చేరవచ్చు. సైన్యానికైతే ఏ గ్రూపు అయినా సరే. ఆడపిల్లలకు కూడా 2022 నుంచి అక్కడ చోటు దొరికింది. 1999లోనే గుంజన్ సక్సేనా కార్గిల్ కొండల్లో చీతా నడిపారు. 2022లో అభిలాషా బరాక్ సైన్యంలో మొదటి మహిళా హెలికాప్టర్ పైలట్ అయ్యారు.

కాని ఆ పరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. వయసు పంతొమ్మిదిన్నర దాటితే రాయడానికి లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఈ పరీక్ష ఒకటి ఉందని మాకు తెలిసేసరికే ఆ వయసు దాటిపోయింది. చెప్పేవాళ్ళు లేకపోవడం ఎంత నష్టమో అప్పుడు అర్థమైంది. మీకు ఆ నష్టం రాకూడదనే ఈ నాలుగు ముక్కలు రాశాం.

పైలట్ కాలేకపోయినా దారులున్నాయి. పదో తరగతి ప్యాసై 18 ఏళ్ళు నిండితే, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొంది డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. పొలాలకు మందు కొట్టడానికీ, సర్వేకూ, వరద సాయానికీ అది పనికి వస్తుంది. తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉంది. అక్కడ సీటు తెచ్చుకుని ఈ యంత్రాలను తయారుచేసే చదువు చదవవచ్చు.

కొల్లేటికి వరద మళ్ళీ రాకపోదు. అప్పుడు లంక ఊళ్ళ మీదికి వచ్చే హెలికాప్టర్‌లోనో, దానికి ముందు దారి చూసే డ్రోన్ వెనుకనో మన హాస్టల్ పిల్లలు ఒక్కరైనా ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.