పుస్తకం చూసి అల్లే పువ్వు, పువ్వు చూసి అల్లే పువ్వు

లేసు అల్లిక అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే ఊరు నరసాపురం. అంత పేరున్న ఆ ఊళ్లో ఈ పనికి పుస్తకంతో పెద్దగా అవసరమే పడలేదు. పశ్చిమ గోదావరిలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆడవాళ్లకు డిజైను చేరేది కాగితం మీద కాదు, అల్లిన ముక్కగా. ఏజెంటు ఒక నమూనా తెచ్చి ఇస్తాడు. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని గొలుసులెన్ని, సందులెన్ని అని కళ్లతోనే లెక్కపెడుతుంది. సాయంత్రానికి దానికి జోడీ ముక్క తయారు. చదువు రాకపోయినా ఆగని పని ఇది.

ఈ కళ అక్కడికి 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీల వల్ల వచ్చిందని చెబుతారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవం తీసుకున్న పేద కుటుంబాల స్త్రీలు. తర్వాత ఆడవాళ్లు గడప దాటి పొలం పనికి వెళ్లని ఇళ్లలోకీ సూది ప్రవేశించింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇలా కొక్కెం సూదితో లేసు అల్లడాన్నే క్రోషే అంటారు. ప్రపంచంలో క్రోషే గురించి వచ్చిన గంభీరమైన పుస్తకాల్లో దానిదొక పెద్ద పీట. అయితే అందులో ఒక్క డిజైను కూడా వెతకొద్దు. ఉన్నది కూలి లెక్క. రోజుకు ఎనిమిది గంటలు అల్లినా రూపాయి చేతికి రావడం గగనమని ఆమె తేల్చారు. 'తీరిక వేళ ఇంట్లో కూర్చుని చేసే పని' అన్న ముద్ర వేస్తే కూలి ఎంత తగ్గించవచ్చో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. డాయిలీ, అంటే బల్ల మీద పరిచే చిన్న లేసు గుడ్డ, కొనేటప్పుడు బేరమాడేవాళ్లు ఒకసారి తిరగేయాల్సిన పుస్తకం.

పని పంపకం కూడా విశేషమే. ఒకరు పువ్వులు మాత్రమే అల్లుతారు, అది చేతిపని. ఇంకొకరు ఆ పువ్వులను కలిపి టేబుల్ క్లాత్ చేస్తారు, అది అతుకుపని. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన టేబుల్ క్లాత్‌ను చూడకపోవచ్చు. సరిగ్గా ఇదే పద్ధతి ఐర్లండ్‌లోనూ ఉండేది. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు అక్కడి కాన్వెంట్లు, ధనిక గృహిణులు పేద స్త్రీలకు క్రోషే నేర్పారు. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లించి తర్వాత వల లాంటి అల్లికతో కలిపేవారు. రెండు చోట్లా సూది ఆడవాళ్ల చేతికి వచ్చింది సరదా కోసం కాదు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 19 మండలాల్లో 15,000 మందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అప్పుడు చెప్పిన లెక్క.

కర్ణాటకలోని రాయచూరుకీ ఈ లేసుకీ ఏమిటి సంబంధం?

తుంగభద్ర డ్యామ్ 1953లో తయారయ్యాక ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు భూములకు నీళ్లొచ్చాయి. వరి పండించడం తెలిసిన కోస్తా రైతులు ఉన్న ఊళ్లో పొలం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ పొలం కొనుక్కున్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లనే ఇప్పటికీ 'క్యాంపు'లంటారు. గుంటూరు, కృష్ణా వాళ్లతో పాటు గోదావరి జిల్లాల వాళ్లూ వాళ్లలో ఉన్నారు. కాబట్టి సింధనూరు దగ్గర ఏ క్యాంపులోనైనా టీవీ మీద లేసు గుడ్డ కనిపిస్తే, ఈ డిజైను ఏ పత్రికలోదని అడిగే ముందు అత్తగారిది ఏ ఊరని అడగడం మేలు.

రాయచూరులో ఇంకో సౌకర్యం ఉంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ నడిచే వీధులు ఇప్పటికీ కనిపిస్తాయి. బుక్‌స్టాల్‌కు వెళితే రెండు మూడు భాషల పత్రికలు తిరగేయగల పాఠకులు ఇక్కడివాళ్లు. ఢిల్లీ ప్రెస్ వారి గృహశోభ తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. అల్లిక విషయంలో మాత్రం భాష తెలియని పత్రికే ఒక్కోసారి ఎక్కువ ఉపయోగపడుతుంది. అదెలాగో కాసేపట్లో.

పర్సులతో మొదలు

అచ్చులో వచ్చిన తొలి క్రోషే డిజైన్లు డచ్ పత్రిక పెనెలోపెలోవి అంటారు. సంవత్సరం 1823. రంగుల బొమ్మలో అయిదు చిన్న పర్సులు వేసి, వాటిలో మూడింటిని పట్టుదారంతో క్రోషే చేసుకొమ్మని చెప్పారు. అంటే ఈ విద్యకు అచ్చు వయసు 200 ఏళ్లే. నేతతో పోలిస్తే పసిబిడ్డ.

మరి అంతకు ముందు? ఒక వాదన మనకు దగ్గరిది. చట్రానికి బిగించిన గుడ్డ మీద కొక్కెం సూదితో గొలుసుకుట్టు వేసే పని తూర్పు దేశాల నుంచి 18వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. మన టైలర్ షాపుల్లో పెళ్లి జాకెట్లకు చేసే మగ్గం వర్క్ ఆ కుటుంబానిదే, దానికి వాడేది ఆరీ సూది. అలా కుడుతూ కుడుతూ ఎవరో గుడ్డను తీసేసి, గొలుసును గాలిలోనే అల్లారట. గుడ్డ లేని మగ్గం వర్కే క్రోషే అన్నమాట. తిరుగులేని రుజువు ఉన్న కథ కాదు గానీ, రెండు సూదులను పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మాలనిపిస్తుంది.

పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న తొలి వాళ్లలో రీగో ద లా బ్రాంషార్దియేర్ (1828–1887) ముఖ్యురాలు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఐరిష్. లండన్‌లో ఉండి పదుల కొద్దీ చిన్న పుస్తకాలు వేసింది. ఐరిష్ లేసు పద్ధతులను పుస్తకాల్లోకి ఎక్కించిన పేరు ఆమెకు ఉంది.

ఇంకా పెద్ద పేరు తెరేజ్ ద దిల్‌మోంది. 1886లో వచ్చిన ఆమె సూదిపని విజ్ఞాన సర్వస్వం చాలా భాషల్లోకి వెళ్లింది. ఆ పుస్తకం వెనక ఉన్నది ఫ్రాన్స్ సరిహద్దులోని మ్యులూజ్ దారాల కంపెనీ డీఎంసీ. ఇక్కడే అసలు కిటుకు. అల్లిక పుస్తకాల్లో చాలా భాగం దారం అమ్మేవాళ్లు వేసినవి. ఫలానా నంబరు దారం ఇన్ని ఉండలు అని డిజైను పైనే రాసి ఉంటుంది. మన అంగళ్లలో దొరికే యాంకర్ దారం వెనక ఉన్న కోట్స్ కంపెనీ కూడా ఇదే దారి పట్టింది. పుస్తకం చవగ్గా ఇచ్చి దారం మీద సంపాదించారు. అందుకే ఏ డిజైను చూసినా, అందులో చెప్పిన దారమే కొనాలన్న నియమం లేదని గుర్తుపెట్టుకోవాలి. లావు, మెరుపు కుదిరితే చాలు.

ఆ మెరుపు సంగతి రాయచూరు వాళ్లకు ఆసక్తిగా ఉండొచ్చు, పత్తి మార్కెట్టు ఉన్న ఊరు కదా. నూలును కాస్టిక్ సోడాలో నానబెడితే గట్టిపడి రంగు బాగా పట్టుకుంటుందని జాన్ మెర్సర్ 1850లో పేటెంటు తీసుకున్నాడు. నానేటప్పుడు నూలును లాగిపట్టి ఉంచితే పట్టులా మెరుస్తుందని హొరేస్ లో 1890లో కనిపెట్టాడు. లేసు దారం ఉండ మీద మెర్సరైజ్డ్ అని ఉండేది దాని గురించే.

చతురస్రాలు కలిపి దుప్పటి చేసే గ్రానీ స్క్వేర్ అందరికీ తెలిసిందే. దాని తొలి అచ్చు డిజైను వచ్చింది ఫ్యాషన్ పత్రికలో అనుకుంటాం. కాదు, ప్రెయిరీ ఫార్మర్ అనే అమెరికా రైతుల పత్రికలో, 1885లో. పంపింది ఒక పాఠకురాలు. వ్యవసాయ పత్రిక మగవాళ్లకే అనుకుని పక్కన పడేయకూడదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఒకే పేరు, రెండు కుట్లు

ఇంగ్లిష్ పుస్తకం కొన్నవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. బ్రిటిష్ పుస్తకంలో డబుల్ క్రోషే అంటే అమెరికా పుస్తకంలో సింగిల్ క్రోషే. అమెరికా వాళ్ల డబుల్ బ్రిటిష్ వాళ్లకు ట్రెబుల్. పొరపాటున ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తే ఆరంగుళాలు రావాల్సిన డాయిలీ అన్నం పళ్లెం అంత అవుతుంది, లేదా ముడుచుకుపోతుంది. పుస్తకం ఏ దేశానిదో అట్ట మీద లేకపోతే లోపల వెతకాలి. ఎక్కడైనా సింగిల్ క్రోషే కనిపిస్తే దాదాపు ఖాయంగా అమెరికాది. బిగువు కొలతను గేజ్ అంటే అమెరికా, టెన్షన్ అంటే బ్రిటన్. ఇంటి బీరువాలో అమ్మమ్మ కాలం నాటి పుస్తకం ఉంటే అది బ్రిటిష్‌దే అయ్యే అవకాశం ఎక్కువ.

సూది నంబర్లదీ ఇలాంటి గోలే. సన్న దారానికి వాడే స్టీలు సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. దారానికీ అంతే. 20 కన్నా 40 సన్నం, 40 కన్నా 60 సన్నం. అంగడిలో పెద్ద నంబరు అడిగి లావు దారం వస్తుందని ఎదురుచూడొద్దు. సూది మీద మిల్లీమీటర్లు చెక్కి ఉంటే దాన్నే నమ్మాలి, దేశాన్ని బట్టి మారనిది అదొక్కటే.

ఇప్పుడు భాష రాని పత్రిక మాట. జపాన్ పుస్తకాల్లో డిజైను మాటల్లో కాకుండా గుర్తుల్లో ఉంటుంది. చిన్న గుడ్డు ఆకారం ఒక గొలుసు. ఇంగ్లిష్ టీ అక్షరం లాంటి గీతకు అడ్డంగా చిన్న గీతలు ఉంటే పొడుగు కుట్టు, అడ్డగీతలు పెరిగేకొద్దీ కుట్టు పొడుగవుతుంది. మధ్యలో మొదలుపెట్టి చుట్లు చుట్లుగా బయటికి చదువుకుంటూ పోతే పువ్వు ఎలా ఉండబోతోందో గీతలోనే కనిపిస్తుంది. చుక్కల ముగ్గును పుస్తకంలోంచి వాకిట్లోకి దించే ఆడవాళ్లకు ఈ చదువు నేర్పాల్సిన పనే లేదు. జపాన్ భాష ఒక్క అక్షరం రాకుండా జపాన్ డిజైన్లు అల్లేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. తెలుగు పత్రికలు డిజైను ఇచ్చినప్పుడు ఇలా గుర్తుల పటం కూడా వేస్తే పక్క రాష్ట్రాల పాఠకులకూ పనికొస్తుంది. ఎందుకో ఆ పని ఎక్కువ మంది చేయరు.

ఇంకా తేలికైనది ఫిలే పద్ధతి. గ్రాఫ్ కాగితం మీద గళ్లు, నింపిన గడి అంటే కుట్లు, వదిలేసిన గడి అంటే సందు. అందువల్ల క్రాస్ స్టిచ్ పుస్తకంలోని నెమలి, చిలక, పేరు అక్షరాలు ఏవైనా క్రోషేలోకి దింపుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. అల్లిన గడి ఒక్కోసారి చతురస్రంగా రాదు, కొంచెం పొడుగ్గానో పొట్టిగానో వస్తుంది. ముందు పది గళ్లు అల్లి చూసుకోకపోతే నెమలి కాస్తా కొంగ అవుతుంది.

లెక్కల మేష్టారికి పనికొచ్చిన అల్లిక

కార్నెల్ యూనివర్సిటీలో గణితం చెప్పిన దైనా తైమిన్యా 1997లో ఒక పని చేశారు. పుస్తకాల్లో ఊహించుకోవడానికే పరిమితమైన హైపర్బోలిక్ తలాన్ని సూదితో అల్లి విద్యార్థుల చేతిలో పెట్టారు. నియమం చాలా సులువు. ప్రతి వరుసలో ఇన్ని కుట్లకు ఒకటి చొప్పున పెంచుకుంటూ పోవడమే. అంచు ముడతలు పడి సముద్రపు పగడంలా తయారవుతుంది. దాని మీద ఆమె రాసిన పుస్తకం 2009లో వచ్చింది. విచిత్రమైన పేరున్న పుస్తకానికి ఇచ్చే డయాగ్రామ్ బహుమతి దానికి దక్కింది. తర్వాత 2012లో గణిత పుస్తకాలకిచ్చే ఆయిలర్ బహుమతీ అదే పుస్తకానికి వచ్చింది. నవ్వించీ మెప్పించీ రెండు బహుమతులు కొట్టిన క్రోషే పుస్తకం ఇదొక్కటే కావచ్చు.

మన దక్షిణాది ఘనత కూడా ఒకటుంది. 2016 జనవరి 31న చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్‌కెక్కింది. ఎవరి ఇంట్లో వాళ్లు చతురస్రాలు అల్లి పంపితే, కలిపి పరిచారు. పెద్దెత్తున జరిగిన అతుకుపని.

పాత డిజైన్ల కోసం డబ్బు పెట్టి వెతకనక్కర్లేదు. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ల తర్వాత హక్కులు ముగుస్తాయి. దిల్‌మోం 1890లో, రీగో 1887లో పోయారు కాబట్టి వాళ్ల పుస్తకాలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. దిల్‌మోం గ్రంథం ఇంగ్లిష్‌లో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ అనే స్వచ్ఛంద సంస్థ పాత కరపత్రాలు, పుస్తకాలు స్కాన్ చేసి పెట్టింది. వాటిని జిరాక్స్ షాపులో అచ్చు తీయిస్తే పేజీకి కొద్ది రూపాయలతో పోతుంది. తీయించేటప్పుడు బొమ్మ ఉన్న పేజీని మర్చిపోవద్దు. ఆ కాలం పుస్తకాల్లో గుర్తుల పటాలు ఉండవు, సూచనలన్నీ మాటల్లోనే సాగుతాయి. వరుస ఎక్కడైనా తప్పితే, నరసాపురం వాళ్లలాగే బొమ్మను వెలుతురుకు పట్టి కుట్లు లెక్కపెట్టుకోవడం తప్ప మరో దారి లేదు.