చిలకలూరిపేట నుంచి ఎత్తిపోతలకు సైకిళ్ల మీద

పత్తి, మిరప పండే మైదానంలో ఉన్న చిలకలూరిపేట చుట్టుపక్కల చెప్పుకోదగ్గ జలపాతం లేదు. ఇక్కడి సైకిలు బృందం పొద్దున్నే బయల్దేరి, పొద్దుండగానే చూడగలిగేది మాచర్ల దాటాక వచ్చే ఎత్తిపోతల. నరసరావుపేట, పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల, మాచర్ల మీదుగా రోడ్డు వంద కిలోమీటర్ల పైమాటే. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడిన పల్నాడు జిల్లాను ఈ దారి దాదాపు ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టబెడుతుంది.

చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి రాతి లోయలోకి దూకే చోటు ఎత్తిపోతల. అక్కడి నుంచి ఆ నీరు మూడు కిలోమీటర్లు పారి కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్ అక్కడికి 11 కిలోమీటర్లే. వానాకాలంలో వాగులు పొంగితే ధారలన్నీ కలిసిపోయి ఎర్రటి నీళ్లు హోరెత్తుతాయి. వానలు తగ్గాక ధారలు విడివిడిగా, తెల్లగా కనిపిస్తాయి. సందర్శకుల కోసం ఎగువ నుంచి నీళ్లు వదులుతుంటారు కాబట్టి పొడి నెలల్లోనూ జలపాతం పూర్తిగా మూగబోదు.

ఈ ప్రయాణంలో ఓ విశేషముంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. 203 కిలోమీటర్ల కుడికాలువ, అంటే జవహర్ కాలువ, సాగర్ దగ్గర మొదలై గుంటూరు, ప్రకాశం పొలాల వైపు దిగుతుంది. పేట నుంచి బయల్దేరిన సైకిళ్లు ఆ నీటికి ఎదురు వెళ్తాయన్నమాట. నీరు ఇటు పారుతోందంటే నేల అటు ఎత్తుగా ఉన్నట్టే. ఎక్కడా నిలువు కొండ ఎక్కే పని లేకపోయినా, రోజంతా కంటికి ఆనని ఎగువ కాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి కూడా ఎదురొస్తుంది. జలపాతం నిండుగా ఉండే రోజులే సైకిలుకు కష్టమైన రోజులు. దసరా వెళ్లాక, తుపాను వానలు లేని వారం చూసుకుని, సంక్రాంతి లోపు వెళ్లడం అన్ని విధాలా మేలు.

ఒక్క రోజులో ఇది సాధ్యమా అనేది లెక్కతో తేలుతుంది. దూరపు సైకిలు సవారీలకు ప్రపంచమంతా పాటించే నియమాలు 1904లో ఏర్పడిన ఫ్రాన్స్ సంస్థ ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌వి. మన దేశంలోనూ ఈ పద్ధతిలో సవారీలు జరుగుతాయి. 200 కిలోమీటర్లకు వాళ్లిచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. తిండికి, నీళ్లకు, పంక్చర్లకు ఆగిన సమయమంతా అందులోదే. అంటే గంటకు సగటున 15 కిలోమీటర్లు. తీరిక దొరికినప్పుడే సైకిలు తీసే ఉద్యోగులు, వ్యాపారులు, కాలేజీ పిల్లలు కలిసిన బృందం ఇంతకన్నా వేగంగా పోవడం కష్టం. తెల్లవారుజామున నాలుగున్నరకు పేటలో కదిలితే ఎత్తిపోతల చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. మళ్లీ సైకిలు మీదే రావాలంటే రాత్రి చీకట్లో లారీల మధ్య రావాలి. అలవాటుపడ్డ కాళ్లకు తప్ప అది తగదు. వెళ్లేటప్పుడు సైకిలు, వచ్చేటప్పుడు బండి: మామూలు బృందానికి సరైన పద్ధతి ఇదే. అంత దూరం కూడా తొక్కలేనివాళ్లు సైకిళ్లను మాచర్ల దాకా బండిలో తెచ్చుకుని, మిగిలిన పదిహేను కిలోమీటర్ల లోపు దూరం తొక్కినా రోజు వృథా కాదు.

పేట నుంచి నరసరావుపేటకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. చీకట్లో మొదలయ్యే ఈ ముక్కకు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా ఎవరినీ బయల్దేరనివ్వకూడదు. తెల్లారేసరికి నరసరావుపేటలో ఇడ్లీ దొరుకుతుంది. అక్కడ కడుపు నింపుకోవడం మంచిది. పిడుగురాళ్లలో తీరే మారిపోతుంది. అక్కడ సున్నపు బట్టీలు, నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద పోయే లారీలు, గాలిలో తెల్లటి దుమ్ము. ముక్కుకు పల్చటి గుడ్డ కట్టుకుని, ఒకరి వెనక ఒకరుగా, మాటలు ఆపి దాటాల్సిన ఊరు అది. పత్తి తీసే రోజుల్లో ఇంకో జాగ్రత్త కావాలి. పత్తి లోడు ట్రాక్టరు ట్రక్కు అంచులు దాటి రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది. పక్క నుంచి దూరిపోదామనుకుంటే చోటుండదు. జనవరి తర్వాతైతే దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి. కంటికి ఎంత పండగో, ఊపిరి బలంగా తీసే సైకిలు మనిషికి ఆ ఘాటు అంత దగ్గు తెప్పిస్తుంది.

గురజాల దాటాక రెంటచింతల. ఎండాకాలంలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్లలో ఇదొకటని పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. చలికాలంలో కూడా పది దాటాక ఇక్కడి సున్నపురాతి నేల మీద ఎండ చురుక్కుమంటుంది. దాహమేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండాలి. వట్టి నీళ్లు చాలవు, చెమటతో ఉప్పు కూడా పోతుంది. లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి, కలిపితే సరిపోతుంది. ఉప్పేసిన మజ్జిగ ఇంకా హాయి. ఎవరైనా తలనొప్పి అన్నా, వాంతికొస్తోందన్నా, తడబడుతూ మాట్లాడినా వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, విసరాలి. మాట తడబడినా, తెలివి తప్పుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రోజుకు ఆ మనిషి సైకిలు ఇక బండెక్కాల్సిందే.

బృందం వేగం అందరికన్నా నెమ్మదైన మనిషిది. ఈ ఒక్క సంగతి మరిచిన బృందాలే మధ్యలో చెల్లాచెదురవుతాయి. దారి తెలిసినవాళ్లు ముందుండాలి. పంపు, ట్యూబులు, రిపేరు తెలిసినవాళ్లు అందరికన్నా వెనక. ప్రతి కూడలి దగ్గరా ఆఖరి మనిషి కనిపించేదాకా ముందువాళ్లు ఆగాలి. ముందున్నవాళ్లు గుంట చూస్తే చేత్తో చూపించి, గట్టిగా చెప్పాలి. వెనకవాళ్లకు ముందు చక్రం తప్ప రోడ్డు కనపడదు. ఎదురుగాలిలో బలమైనవాళ్లు వంతులవారీగా ముందు తొక్కితే వెనకవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది.

ఈ నేల మీద పంక్చరుకు పెద్ద కారణం పల్లేరు కాయ. నీడ కనిపించిందని సైకిలును చేను గట్టు మీదికి నడిపిస్తే, ఏ పక్క పడ్డా ఓ ముల్లు పైకి నిలిచే ఆ కాయ టైరుకు అంటుకుని వచ్చేస్తుంది. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి, విరిగి ఉండిపోయిన ముల్లు కొనను వెతికి తీయాలి. తీయకుండా కొత్త ట్యూబు వేస్తే నాలుగు ఫర్లాంగులు పోకముందే అదీ దిగిపోతుంది. గేర్ల సైకిళ్లలో కొన్నింటికి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. పల్లెల్లోని రిపేరు షాపు పంపు దానికి పట్టదు కాబట్టి సొంత పంపు దగ్గరుండాలి.

ఎత్తిపోతలను లోయ ఎదుటి గట్టు మీది వేదిక నుంచి చూస్తారు. అంత దూరం చెమటోడ్చి వచ్చినవాళ్లకు నీళ్లలో దిగాలనిపిస్తుంది, దిగకూడదు. కింది మడుగు మొసళ్లది, వాటి సంరక్షణ కేంద్రం కూడా అక్కడే ఉంది. లోయలో దత్తాత్రేయుడి గుడి ఉంది. నాగార్జునకొండ మ్యూజియానికి సాగర్ నుంచి లాంచీలో వెళ్లాలి, దాన్ని కూడా ఈ రోజులోనే ఇరికిస్తే రెండూ పాడవుతాయి.

తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటోనో, చిన్న వ్యానునో ముందుగా మాట్లాడుకుని, మధ్యాహ్నానికల్లా ఎత్తిపోతలకు రమ్మనాలి. సైకిళ్లను గేర్లున్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, ఒక్కోదాని మధ్య గోతాం పట్టా వేసి, తాడుతో బిగించాలి. పెడళ్లు విప్పేస్తే ఒకదాని పెడలు ఇంకోదాని చక్రపు ఊచల్లో దూరదు. మూడింటికల్లా బండి కదిలితే దీపాలు పెట్టే వేళకు నరసరావుపేట దాటేయొచ్చు.