తలుపు మీద పొగగొట్టం

లింకన్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది కొండ మీది కథీడ్రల్ చూసి తిరిగి వచ్చేస్తారు. ఈసారి వెళితే అక్కడినుండి 'స్టీప్ హిల్' వీధి వెంట కిందికి దిగండి. పేరుకు తగ్గ ఏటవాలే! మా చంటివాడి తోపుడుబండితో నేను పడ్డ పాట్లు వేరే కథ. ఆ దిగువన 'ది స్ట్రెయిట్' అనే ఇరుకు వీధిలో 'జ్యూస్ హౌస్' ఉంది, అంటే యూదుల ఇల్లు. 12వ శతాబ్దం మధ్యకాలంలో సున్నపురాయితో కట్టినది.

ఆ రోజుల్లో ఊళ్ళో ఇళ్ళు ఎక్కువగా కర్రవే. రాయి డబ్బున్నవారి మాట. రాతి ఇంటికి నిప్పు భయం తక్కువ, సరుకుకీ సొమ్ముకీ భద్రత ఎక్కువ. మన బజారు వీధుల్లో కింద కొట్టు, పైన కాపురం ఉంటుంది చూశారా, ఇదీ ఆ పద్ధతే. కింద సరుకు, పైన సుమారు 12 మీటర్ల పొడవూ 6 మీటర్ల వెడల్పూ ఉన్న హాలు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నేల మీది హాలైతే నడిమధ్య మంట వేసుకునేవారు. మేడ మీద చెక్క నేల, దాని మధ్య మంట వేస్తే ఇల్లే అంటుకుంటుంది. అందుకని పొయ్యిని వీధివైపు రాతిగోడలోకి జరిపారు. గోడనుండి ముందుకు పొడుచుకొచ్చిన పొగగొట్టం బరువు మోసేదెవరు? సరిగ్గా దాని కిందనున్న గుమ్మం. చెక్కడాలతో ఉన్న ఆ గుండ్రటి ఆర్చి అలంకారం ఒక్కటే కాదన్నమాట, పైనున్న పొయ్యికి ఆధారం కూడా. సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి కదా, ఒకే వస్తువు రెండు పనులు చేస్తే నాకు మహా ముచ్చట.

రాతి ఇల్లు కనిపిస్తే చాలు యూదులదేననడం అక్కడ పాత అలవాటు. స్టీప్ హిల్ మీదే ఉన్న 'నార్మన్ హౌస్'ని చాలాకాలం ఆరన్ అనే యూదు ధనికుడి ఇల్లని పొరపాటుగా పిలిచారు. స్ట్రెయిట్‌లోని ఇల్లు మాత్రం బెలాసెట్ అనే యూదు స్త్రీదని చెబుతారు. నాణేల అంచులు కత్తిరించిందన్న నేరం మోపి ఆమెను ఉరితీశారట.

1290 జూలై 18న మొదటి ఎడ్వర్డు రాజు యూదులందరినీ దేశం విడిచిపొమ్మన్నాడు. గడువు నవంబర్ 1. మూడున్నర నెలలు! వీసా తేదీలు లెక్కపెట్టుకునే మనకు ఆ గడువు ఎంత చిన్నదో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇళ్ళు రాజు పరమయ్యాయి.

తర్వాతివాళ్ళు కింది గోడలో కొట్ల కిటికీలు పెట్టుకున్నారు. గుమ్మం మాత్రం అక్కడే ఉంది. వెళ్ళినప్పుడు వీధికి అవతలివైపు నిలబడి, తలుపు పైకి చూడండి.